జొన్నచేలోంచి వచ్చిన బంతి

జనవరి 10, 1938, సోమవారం

మా మిషన్ బడి నడిపే అమెరికా దొరసాని పొద్దున్నే డేరాలు, మడతమంచం, హార్మోనియం అన్నీ బండికెక్కించుకుని పల్లెల మీదికి వెళ్లిపోయింది. ఫిబ్రవరి నడుమ దాకా తిరిగి రాదు. పోతూ పోతూ బ్యాటు, బంతి, ఈల నా చేతిలో పెట్టి, "అమృతమ్మా, వీళ్లిక నీ పిల్లలు" అంది.

ఈల మెడలో వేసుకుని అద్దంలో చూసుకున్నాను. రెండుసార్లు ఊదాను. బోర్డింగు వంటింట్లోంచి పుల్లమ్మ తెడ్డు పట్టుకుని ఉరికొచ్చింది. "ఏమాయె పంతులమ్మా, దొంగలు పడ్డరా?"

ఎవరికీ చెప్పను గానీ ఈ రోజు నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. నిన్నటి దాకా లెక్కలు చెప్పే పంతులమ్మను. ఇప్పుడు ఒక జట్టుకు పెద్దను!

సాఫ్ట్‌బాల్ అంటే మెత్త బంతి అని దొరసాని అర్థం చెప్పింది. అమెరికాలో మెత్తదనం అంటే వేరే ఏదో అయి ఉండాలి. నిరుడు మోకాలికి తగిలి మా జట్టు బిక్షమ్మ వారం రోజులు కుంటింది. ఒక పిల్ల చెయ్యి కింది నుంచి ఊపి బంతి వేస్తుంది. అవతలి పిల్ల బ్యాటుతో కొట్టి, గడ్డి కుక్కిన గోనెసంచులను ఒక్కొక్కటే తొక్కుకుంటూ చుట్టూ ఉరికి, బయలుదేరిన చోటికి చేరాలి. ఆ చోటును మేం ఇల్లు అంటాం. చేరితే ఒక పరుగు, చేరేలోపు బంతితో తాకినా, మూడుసార్లు బంతి తప్పినా ఔట్, ముగ్గురు ఔటైతే వంతు అయిపోతుంది. ఇంతే ఆట. ఇంత చిన్న సంగతికి మనిషికి ఇంత పిచ్చి పడుతుందని ఎవరనుకున్నారు?

ఫిబ్రవరి పందొమ్మిదిన నల్లగొండ బడి పిల్లలు మా మీద ఆడడానికి వస్తారు. నిరుడు వాళ్ల చేతిలో చిత్తుగా ఓడిపోయాం. గెలుపు ముఖ్యం కాదు. దొరసాని కూడా అదే అంటుంది.

జనవరి 11

గెలుపు ముఖ్యం కాదు. కానీ నల్లగొండ వాళ్లను ఈసారి ఏడిపించి పంపాలి.

జనవరి 13, గురువారం

జట్టు సంగతి రాయాలంటే ఈదమ్మతో మొదలుపెట్టాలి. పుల్లమ్మ కూతురు, ఎనిమిదో తరగతి, మా కెప్టెన్. రెండేళ్ల కిందట దొరసాని ఈ ఆట మొదలుపెట్టినప్పుడు, ఆడపిల్లలు నలుగురి ముందు ఉరకడమేమిటని చర్చి సంఘ పెద్ద ఐలేశం గారు మొహం ముడిచారు. ఒక్క పిల్ల రాలేదు. ఈదమ్మ ఒక్కతే వచ్చి మైదానంలో నిలబడింది. ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి, ఒక తల్లికి నీళ్లు తోడిపెట్టి, ఇంకో తల్లి చంటిదాన్ని ఎత్తుకుని, మిగతా పిల్లలందరినీ చేయి పట్టి లాక్కొచ్చింది. ఈ జట్టు కట్టింది ఆమె.

బంతి వేసేదీ ఆమే. పద్ధతిగా వేస్తుంది. ఎదుటి పిల్ల కొంగు దోపుకుని, ముక్కు తుడుచుకుని, తీరిగ్గా కొట్టేంత పద్ధతిగా వేస్తుంది.

ఎండాకాలం తర్వాత ఆమె నర్సు చదువుకు హైదరాబాదు పోతుంది. ఇదే ఆమెకు చివరి ఆట.

జనవరి 15, శనివారం

ఈ రోజు ఒక వింత జరిగింది.

బిక్షమ్మ కొట్టిన బంతి గోడ దాటి పక్క జొన్నచేలో పడింది. మాకున్నది ఒక్కటే బంతి. గోడెక్కి చూశాను. చేను నడుమ మంచె మీద ఒక పొడుగాటి పిల్ల ఒడిసెల తిప్పుతూ పిట్టల మీదికి రాళ్లు విసురుతోంది. నా కేక విని దిగింది, జొన్నల్లో మునిగింది, బంతితో తేలింది.

"ఆడికెల్లే ఇసురుతవా, నన్ను రమ్మంటవా?" అని అరిచాను.

ఆ పిల్ల ఒడిసెల తిప్పినట్టే చెయ్యి ఒక్క చుట్టు తిప్పింది. బంతి నా చెవి పక్క నుంచి రయ్యిమని పోయింది. పోయి, మైదానం అవతల వేలాడే బడిగంటకు తగిలింది! ఠంగుమన్న మోత విని చిన్నపిల్లలంతా కంచాలు పట్టుకుని అన్నానికి వచ్చి వరుసగా కూర్చున్నారు. పుల్లమ్మ తిట్లు ఇక్కడ రాయను.

"నీ పేరేంది?" అని అడిగాను.

"బాలనర్సమ్మ."

"గంటకు కొట్టాల్నని చూసే కొట్టినవా?"

"గంటను చూడలె. మీ నెత్తి మీదికెల్లి పిట్ట పోతుండె."

జనవరి 16, ఆదివారం

ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఆ చెయ్యే తిరుగుతోంది. దేవుడు క్షమించాలి.

జనవరి 18

ఈదమ్మను వెంటబెట్టుకుని బాలనర్సమ్మ తండ్రి దగ్గరికి వెళ్లాను. పేరు మారయ్య. అచ్చంపేట అవతలి నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఈ చేనుకు కాపలా ఉంటున్నాడు. పిల్లను బడిలో వేయమంటే తల గోక్కున్నాడు.

"బడికి తోలుడు నాకూ ఇష్టమే పంతులమ్మా. కని చేను కోసేదాక పిట్టలనెవలు కొట్టాలె? గింజలు పోతే పటేలు నన్ను కొడ్తడు."

ఈదమ్మ ముందుకొచ్చింది. "మేం కొడ్తం."

"మీరెవలు?"

"బోర్డింగు పిల్లలమంత. తెల్లారంగ ఇద్దరం, పొద్దుమీకంగ ఇద్దరం మంచెక్కుతం. మాకూ గొంతులున్నయి."

మారయ్య నవ్వాడు. "సదువుకునే పిల్లలను జూసి పిట్టలు బెదురుతయా?"

"ఎక్కనిచ్చి చూడు!"

ఒప్పుకున్నాడు. దారంతా నేనూ ఈదమ్మా చేతులు పట్టుకుని గంతులు వేస్తూ వచ్చాం. అంత బాగా విసిరే పిల్ల వస్తే తను ఎక్కడ నిలబడాలన్నది ఆమెకు తట్టలేదేమో. నాకు కూడా తట్టలేదు.

జనవరి 21

బాలనర్సమ్మ ఒకటో తరగతిలో చేరింది. ఆరేళ్ల పిల్లల నడుమ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, 'అ' దిద్దుతోంది. బడిలో పేరుంటేనే ఆటలో చోటు అని దొరసాని నియమం మరి.

మంచె మీద మా పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు. పన్నెండో ఎక్కం దగ్గరికి రాగానే పిట్టలన్నీ లేచిపోతున్నాయని మారయ్య చెప్పాడు. లెక్కల పంతులమ్మగా దీన్ని మెప్పుగానే తీసుకుంటున్నాను.

జనవరి 25, మంగళవారం

బాలనర్సమ్మ వేసే బంతిని పట్టేవాళ్లు లేరు. బిక్షమ్మ అరచెయ్యి వాచింది. టించరు కోసం దవాఖానకు వెళ్లాను. కంపౌండరు ఏసోబు సీసా కిందికి దించాడు. దొరసాని ఆట నియమాలన్నీ అతనికి నేర్పింది. నల్లగొండ వాళ్లు వచ్చిన నాడు అంపైరు అతనే.

"పంతులమ్మా, వారంల మూడుసార్లు వచ్చిన్రు. సీసానే తీస్కపోన్రి."

"వద్దు. ఎక్కువ తీస్కపోతే చెడిపోతది."

"టించరు చెడిపోదు."

చెడిపోదని నాకు మాత్రం తెలియదా?

జనవరి 26

ఈదమ్మ పట్టింది! బాలనర్సమ్మ వేసిన ప్రతి బంతీ పట్టింది. అరచేతులు కాల్చిన రొట్టెల్లా అయ్యాయి, అయినా వదలలేదు. "గిదేం బంతి, తుపాకి గుండా!" అని తిడుతూనే పట్టింది.

జనవరి 31

ఈదమ్మ అడిగింది. "పంతులమ్మా, నల్లగొండోళ్లొచ్చిన నాడు బంతి ఏసేది నేనే గద?"

"నువ్వు గాకపోతే ఇంకెవలు?" అన్నాను.

అది జవాబు కాదు, ప్రశ్న. ప్రశ్నను ఎవరెట్లా అయినా అర్థం చేసుకోవచ్చు. నాకు ఇద్దరూ సమానమే.

ఫిబ్రవరి 3

బాలనర్సమ్మ అడిగింది. "మా బాపు గా రోజు పని బందు పెట్టి సూడనీకి వస్తడంట. బంతి నేనే ఏస్తనని చెప్పాల్నా?"

"బాపును తప్పకుండ రమ్మను" అన్నాను.

ఇందులోనూ తప్పు లేదు. మారయ్య వస్తే మంచిదే కదా.

ఫిబ్రవరి 4

నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 8, మంగళవారం

సాయంత్రం ఆటకు దిగగానే ఇద్దరూ బంతి వేసే చోటికే నడిచారు. ఇద్దరి చేతులూ ఒకే బంతి మీద.

"పంతులమ్మ నాకు చెప్పింది" అంది ఈదమ్మ.

"నాకూ చెప్పింది. మా బాపును గూడ రమ్మంది."

పిల్లలంతా నా వైపు చూశారు. ఈల ఊదాను. ఈల ఊదితే అందరూ ఆగుతారని దొరసాని చెప్పింది. ఆగారు. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పలేదు.

ఈదమ్మ బంతి వదిలేసి వంటింటి వైపు వెళ్లిపోయింది. బాలనర్సమ్మ గోడ దూకి చేలోకి పోయింది. సగం మంది ఈదమ్మే వేయాలన్నారు, సగం మంది అట్లయితే మళ్లీ ఓడుతామన్నారు. గంట ముందు దాకా ఒకరి వీపు మీద ఒకరెక్కి తిరిగిన పిల్లలు!

దవాఖాన మెట్ల మీద ఏసోబుకు అంతా చెప్పాను.

"ఇద్దరిని ఖుష్ చెయ్యాలనుకున్నరు" అన్నాడు.

"గది తప్పా?"

"అనుకునుడు తప్పు గాదు. కని బంతి ఒక్కటే గద పంతులమ్మా. ఎవరో ఒకరికి ఇయ్యక తప్పదు."

"నన్ను ఖుష్ చెయ్యనీకైనా ఒక మంచి మాట చెప్పరాదా?"

నేల చూస్తూ నవ్వాడు. "నేను అంపైరును. మైదానంల చెప్ప. మైదానం బయట చెప్త."

ఏం చెబుతావని అడగకుండా వచ్చేశాను. వచ్చేశాను అంటే, ఉరికొచ్చాను. ఇంత చిక్కులో ఉండి కూడా మనిషికి నవ్వు ఎట్లా వస్తుందో!

ఫిబ్రవరి 10, గురువారం

చెప్పేశాను.

వంటింట్లో పుల్లమ్మ రొట్టెలు చరుస్తోంది. ఈదమ్మ పొయ్యి ఎగదోస్తోంది. వెళ్లి పీట మీద కూర్చున్నాను. దారి పొడుగునా కూర్చుకున్న మెత్తని మాటలన్నీ పొగకు ఎగిరిపోయాయి.

"ఈదమ్మా, బంతి బాలనర్సమ్మ ఏస్తది. నువ్వు పట్టాలె."

ఈదమ్మ పొయ్యి మీద నుంచి తలెత్తకుండానే అంది. "రెండేండ్ల సంది ఇంటింటికి తిరిగి జట్టును కట్టింది నేను. గా పిల్లను తీస్కొచ్చింది గూడ నేనే. గామె మొన్న వచ్చె. గామె బంతులు ఏరుకొనుడా నా పని?"

"నీ మీద ఉన్న నమ్మకం నాకెవల మీద లేదు. కని గామె నీ కంటె మంచిగ ఏస్తది."

"నిరుడు నావల్లనే ఓడినమా?"

కాదు అనబోయాను. నోటి దాకా వచ్చింది. "ఔను" అన్నాను.

పుల్లమ్మ చేతిలో రొట్టె ఆగింది. "గట్ల ఔనంటవేంది పంతులమ్మా? పిల్ల మొగం జూడు!"

"నేను కెప్టెన్నా, కాదా?" అంది ఈదమ్మ.

"కెప్టెన్‌వే."

"అయితే ఎవలేయాల్నో నేను చెప్త."

ఎంత సులువైన దారి! ఆమెనే చెప్పనిస్తే నా మీద మాట ఉండదు. కానీ ఆ పిల్ల నెత్తిన ఆ బరువు ఎట్లా పెట్టను? "లేదు, బిడ్డా. అది చెప్పాల్సింది నేను. నీకు ముందే సక్కగ చెప్పకపోవుడు నా తప్పు. కోపం నా మీద పెట్టుకో, బాలనర్సమ్మ మీద పెట్టకు."

ఈదమ్మ పొయ్యిలో ఇంకో పుల్ల తోసింది. బయటికొచ్చి బావి దగ్గర మొహం కడుక్కున్నాను. ఏడ్చానని కాదు. పొగ.

ఫిబ్రవరి 14

ఈదమ్మ ఆటకు రావడం లేదు. కానీ తన వంతు వచ్చిన పొద్దున మాత్రం మంచె మీదికి పోయి పిట్టలను అదిలించి వస్తోంది. మారయ్యే చెప్పాడు.

బాలనర్సమ్మ బంతులను పట్టేవాళ్లు లేక గోడకు వేయిస్తున్నాను. గోడ సున్నం రాలుతోంది.

ఫిబ్రవరి 16, బుధవారం

దొరసాని తిరిగొచ్చింది, ఎండకు ఎర్రబడి. జరిగిందంతా చెప్పాను.

"అమృతమ్మా, ఈ ఆటలో బంతి నువ్వే వేయాలని నేను కూడా ఈదమ్మకు మాట ఇచ్చి ఉన్నాను" అంది.

"అది మీ మాట దొరసానీ. జట్టును నా చేతిలో పెట్టి పోయిండ్రు."

అన్నాక గానీ నా నోటి నుంచి ఏం వచ్చిందో నాకు తెలియలేదు. దొరసానికి ఎదురు చెప్పాను! ఆమె ఒక కుర్చీ నా ముందుకు జరిపి, "టీ తాగుతావా?" అంది. రెండు కప్పులు తాగాను.

ఫిబ్రవరి 20, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. గొంతు పోయింది, గొంతుతో పాటు చెయ్యి కూడా పోయినట్టుంది. ఇప్పుడు రాస్తాను, ఏదీ వదలకుండా.

నల్లగొండ పిల్లలు బస్సు దిగారు. అందరివీ ఒకే రంగు రిబ్బన్లు. మా మైదానం చుట్టూ ఊరు సగం వచ్చి నిలబడింది. ఐలేశం గారు కుర్చీ తెప్పించుకున్నారు, మొహం మాత్రం రెండేళ్ల కిందటిదే. మారయ్య గోడెక్కి కూర్చున్నాడు.

ఈదమ్మ వస్తుందో రాదో తెలియదు. ఏసోబు ఆట మొదలుపెట్టమని చెయ్యి ఊపుతుండగా వంటింటి వైపు నుంచి నడుచుకుంటూ వచ్చింది. నా మొహం చూడలేదు. తిన్నగా వెళ్లి బంతి పట్టే చోట కూర్చుని, బాలనర్సమ్మ వైపు రెండు చేతులూ చాచింది. "ఎయ్యి, చూస్తవేంది?"

ఎంత అరిచానో! నల్లగొండ పిల్లలు బ్యాటు ఊపేలోపే బంతి ఈదమ్మ చేతుల్లో చప్పుడు చేస్తోంది. ఒకామె, బంతి వేశారా లేదా అని ఏసోబును అడిగింది కూడా. మేం రెండు పరుగులు ముందున్నాం. దొరసాని టోపీ ఎగరేసింది.

అప్పుడు వచ్చాయి చిలుకలు. ఒక గుంపు, కీచుకీచుమంటూ, మైదానం మీదుగా జొన్నచేను వైపు. నల్లగొండ పిల్లలు ఇద్దరు సంచుల మీద ఉరకడానికి సిద్ధంగా ఉన్నారు. బాలనర్సమ్మ చెయ్యి తిప్పింది, తల పైకెత్తింది. బంతి పైకి లేచింది.

చిలుకల గుంపు చెదిరిపోయింది. నల్లగొండ పిల్లలిద్దరూ ఇల్లు చేరారు. వెనకే బ్యాటు పట్టుకున్న మూడో పిల్ల కూడా, ఆమె బ్యాటు ఊపనైనా లేదు పాపం, ఇంత గొడవలో ఎందుకు వదలాలని ఉరికింది. ఆమెను మాత్రం ఏసోబు వెనక్కి పంపాడు.

గోడ మీది నుంచి మారయ్య అడిగాడు. "తగిలిందా బిడ్డా?"

ఐలేశం గారు నవ్వారు. నా కళ్లతో చూశాను. కుర్చీ ఊగేటట్టు నవ్వారు.

బాలనర్సమ్మ ఏడుపు మొహంతో నిలబడిపోయింది. ఈదమ్మ లేచి ఆమె దగ్గరికి నడిచింది. తిడుతుందనుకున్నాను. చెవిలో ఏదో చెప్పింది. బాలనర్సమ్మ పకపకా నవ్వింది. తర్వాత అడిగితే తెలిసింది. "పిట్టలకు ఇయ్యాల సుట్టీ ఇయ్యి, రేపు నేను అదిలిస్త అన్న" అట.

తర్వాత వాళ్లు ఇంకో పరుగు తీసి ఒకటి ముందుకు వెళ్లారు. అప్పుడే బాలనర్సమ్మ వేలి తోలు లేచి బంతికి నెత్తురంటింది. ఏసోబు ఆట ఆపి దూది చుట్టాడు. "ఇగ ఎయ్యరాదు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఈదమ్మ బంతిని పావడాకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. మొదటిసారి నా వైపు చూసింది. తలూపాను.

ఆమె ఎప్పటిలాగే వేసింది. పద్ధతిగా, నెమ్మదిగా. పొద్దటి నుంచి తుపాకి గుండ్లు చూసిన నల్లగొండ పిల్లలు, బంతి ఇంకా నడిదారిలో ఉండగానే బ్యాటు ఊపేసి ఒక చుట్టు తిరిగారు. వాళ్లు తిరగడం అయ్యాక, తొందరేమీ లేనట్టు బంతి వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు, ముగ్గురూ అంతే! దీన్ని నేను ముందే ఆలోచించి పెట్టానని దొరసాని అనుకుంది. ఆమె అనుకున్నదాన్ని నేను కాదనలేదు.

ఇక మా చివరి వంతు. ఇద్దరు ఔటయ్యారు. ఈదమ్మ మూడో సంచి మీద ఉంది. ఆమె ఇల్లు చేరితే సమానం. బ్యాటు బాలనర్సమ్మ చేతిలో, అదీ ఒంటిచేత్తో. కొట్టింది! ఈదమ్మ ఉరికింది. బంతి కూడా తిరిగొస్తోంది. నేను ఇంటి పక్కనే నిలబడ్డాను. ఈదమ్మ దుమ్ములో జారింది. నల్లగొండ పిల్ల బంతితో ఆమె భుజం తాకింది.

ఏసోబు చెయ్యెత్తాడు. "ఔట్."

గోల! పుల్లమ్మ తెడ్డుతో మైదానంలోకి దిగింది. "నా బిడ్డ ఔటా? నీ కండ్లకు నువ్వే మందేసుకో!" ఐలేశం గారు కుర్చీ మీద నిలబడ్డారు. ఏసోబు కదలలేదు, చెయ్యి దించలేదు. నల్లగొండ పంతులమ్మ నా దగ్గరికొచ్చింది. "మీరే దగ్గర ఉన్నరు. మీరు చెప్పుండ్రి, మేం ఒప్పుకుంటం."

అందరూ నా వైపే. ఈదమ్మ కాలు ఇంటికి ఇంకా జానెడు దూరంలో ఉండగా బంతి తాకింది. నేను చూశాను. దుమ్ములో పడి ఉన్న ఈదమ్మ నన్నే చూస్తోంది.

"ఔట్" అన్నాను.

ఈదమ్మ నోట్లో మట్టి ఉమ్మేసి, "జర ఆలోచించి చెప్పరాదా పంతులమ్మా!" అని వెల్లకిలా పడి నవ్వడం మొదలుపెట్టింది. బాలనర్సమ్మ ఉరికొచ్చి ఆమె మీద పడింది. బిక్షమ్మ ఆ ఇద్దరి మీద. తర్వాత ఎవరి మీద ఎవరో తెలియదు, నల్లగొండ రిబ్బన్లు కూడా కనిపించాయి.

ఒక్క పరుగుతో ఓడిపోయాం. ఒక్క పరుగు! ఐలేశం గారు నా దగ్గరికొచ్చి, "వచ్చే ఏడు మనమే నల్లగొండకు పోవాలె. బస్సు సంగతి నేను జూస్త" అన్నారు.

సాయంత్రం ఏసోబు బోర్డింగు గేటు దగ్గరికొచ్చాడు. "కోపమా?"

"మైదానం బయట ఏదో చెప్తనన్నరు."

చెప్పాడు. అది మాత్రం ఇక్కడ రాయను. మా అమ్మను అడగాలన్నాను. నవ్వు ఆపుకోలేక, తల గేటుకు కొట్టుకుంది.

ఫిబ్రవరి 26, శనివారం

ఈదమ్మ బాలనర్సమ్మకు నెమ్మది బంతి నేర్పుతోంది. "గంత జోరెందుకే? పానమంత ఒక్కసారే పెడ్తవా?" అని నెత్తి మీద మొట్టుతోంది. బాలనర్సమ్మ ఆమెకు చెయ్యి తిప్పడం చూపిస్తోంది. ఈదమ్మ వేసిన బంతి ఒకటి వెనక్కి పోయి వంటింటి కప్పు మీద పడింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పక్కన నిలబడి చూశాను.

ఇంతలో బిక్షమ్మ బ్యాటు తెచ్చి నా చేతిలో పెట్టింది. "చెప్పుడేనా, మీరూ ఒక్కసారి కొట్టుండ్రి."

వద్దన్నాను. గట్టిగా మాత్రం అనలేదు. కొంగు నడుముకు దోపుకున్నాను. ఈదమ్మ వేసింది. కళ్లు మూసుకుని ఊపాను. బ్యాటు చేతిలో జిల్లుమంది. బంతి ఎక్కడికి పోయిందో చూడలేదు, ఉరికాను. మొదటి సంచి, రెండో సంచి, చెప్పు ఒకటి పోయింది, మూడో సంచి, పిన్నులు ఊడి జుట్టు మొహం మీదికి. నవ్వు వస్తూంటే ఉరకడం ఎంత కష్టమో! ఇంటి ముందు ఈదమ్మా బాలనర్సమ్మా ఇద్దరూ బంతితో నా మీద పడ్డారు. ముగ్గురం దుమ్ములో దొర్లాం.

"ఔట్!" అని పిల్లలంతా అరిచారు. గోడ మీంచి ఏసోబు కూడా చెయ్యెత్తాడు.

వాళ్లు అననీ. ఇది నా డైరీ. ఇందులో నేను ఔట్ కాలేదు.